బంపర్ ఒకటి చెప్తే ఫారం ఇంకోటి చెప్పకూడదు

సాయంత్రం ఏడింటికి బెంగళూరు సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర మీ కారుని వెనకనుంచి ఒక క్యాబ్ వచ్చి కొట్టిందనుకోండి. మీరు దిగేలోపే హారన్లు మొదలవుతాయి. క్యాబ్ డ్రైవరు కన్నడంలో గట్టిగా ఏదో అంటాడు, మనకి సగమే అర్థమవుతుంది. అప్పుడు వాదన పెట్టుకోకుండా ఫోన్ తీయాలి. బండ్లు కదలకముందే రెండు కార్లూ, రెండు నంబరు ప్లేట్లూ, చుట్టూ రోడ్డూ కలిపి ఒక ఫొటో. తర్వాత దెబ్బ తగిలిన చోటు దగ్గర్నుంచి ఒకటి, నాలుగడుగులు వెనక్కి వచ్చి ఒకటి, మోకాలి ఎత్తుకి వంగి ఒకటి. దెబ్బ తగలని మూలలతో సహా కారు నాలుగు మూలలూ తీయాలి. మీటరు రీడింగ్ ఒకటి. అవతలి బండికి పడిన దెబ్బ కూడా తీయాలి, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. చివర్లో చుట్టూ తిరుగుతూ ఇరవై సెకన్ల వీడియో. రెండు నిమిషాల పని. అది అయ్యాక కారు పక్కకి తీసేయొచ్చు.

ఇంత అవసరమా అంటే, అవసరమే. కారు ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారంలో ప్రమాదం ఎలా జరిగిందో రాయమని రెండు మూడు గీతల చోటు ఉంటుంది. క్లెయిమ్ నిలబడేదీ పడిపోయేదీ ఎక్కువగా అక్కడే.

సర్వేయర్, అంటే నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషి, వర్క్‌షాప్‌కి వచ్చి ముందు కారు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. బంపర్ ముందు గొంతుక్కూర్చుని గీత మీద వేలితో రుద్ది చూస్తాడు. అవతలి బండి రంగు అంటిందా, గోడ సున్నం అంటిందా, సిమెంటు పొడి రాలుతోందా అని. బైక్ హ్యాండిల్ తగిలితే డోర్ మధ్యలో చిన్న లోతైన గుంట పడుతుంది. డివైడర్‌కి రాసుకుంటే కింది అంచు వెంట పొడుగ్గా గీతలు పడతాయి. ట్రక్కు వెనక భాగంలోకి దూరితే బంపర్ బాగానే ఉండి బానెట్ మడత పడుతుంది, ఎందుకంటే ట్రక్కు ఛాసిస్ అంత ఎత్తులో ఉంటుంది. సొట్ట లోపల దుమ్ము గట్టిపడి ఉన్నా, రేకు అంచున తుప్పు మొదలైనా అది నిన్నటి దెబ్బ కాదని తెలిసిపోతుంది. ఇవన్నీ చూసుకున్నాక మీరు రాసింది చదువుతాడు. రెండూ కలిస్తే సరే. కలవకపోతే అక్కడినుంచి ప్రతి పార్టుకీ ప్రశ్నే.

మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఏంటంటే, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో తామే పిల్లరుకి రాసుకుని ఫారంలో మాత్రం ‘పార్కింగ్‌లో ఉండగా గుర్తు తెలియని వాహనం గుద్దింది’ అని రాయడం. ఒక్కోసారి వర్క్‌షాప్‌లో మన కారు పని చూసుకునే సర్వీస్ అడ్వైజరే అలా రాయమంటాడు. కారు మీద పసుపు-నలుపు పిల్లరు పెయింటు కనిపిస్తూనే ఉంటుంది. అసలు ఈ అబద్ధంతో పనే లేదు. ఓన్ డ్యామేజ్ (ఓడీ) కవర్, అంటే మీ సొంత కారుకి తగిలిన దెబ్బకి డబ్బిచ్చే భాగం, ఉన్న పాలసీ అయితే తప్పు మీదైనా రిపేరు డబ్బు వస్తుంది. ‘రివర్స్ చేస్తుంటే ఎడమ వెనక మూల బేస్‌మెంట్ పిల్లరుకి తగిలింది’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. తేదీ, సమయం, చోటు, దిశ, దేనికి తగిలింది, ఎవరు నడుపుతున్నారు. అంతకుమించి కథ వద్దు.

ఎవరు నడుపుతున్నారు అన్నచోట కూడా ఉన్నది ఉన్నట్టే రాయాలి. కారు మీ పేరున ఉండి తమ్ముడో స్నేహితుడో నడిపినా, వాళ్ళకి చెల్లే లైసెన్స్ ఉంటే క్లెయిమ్‌కి అడ్డు లేదు. లైసెన్స్ లేనివాళ్ళు నడిపితే పేరు మార్చి రాసేవాళ్ళున్నారు. సిగ్నల్ కెమెరా, టోల్ గేటు కెమెరా, అపార్ట్‌మెంట్ సీసీటీవీ ఉన్న ఊళ్ళో అది ఎన్నాళ్ళు దాగుతుంది? అది బయటపడిన రోజు రిపేరు డబ్బు పోవడం ఒక్కటే కాదు, మోసం చేశారన్న ముద్ర కూడా పడుతుంది. తాగి నడపడం సంగతి వేరే చెప్పక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, క్లెయిమ్ కూడా పోతుంది.

రోడ్డు మీద సెటిల్‌మెంట్ మాటకొస్తే, ‘అన్నా, ఐదు వేలిచ్చెయ్, ఇక్కడే తేల్చేసుకుందాం’ అనడం బెంగళూరులో రోజూ వినిపించేదే. చిన్న గీతలైతే అదే తెలివైన పనేమో కూడా. కానీ పాలసీ షరతుల్లో ఒక వాక్యం ఉంటుంది: కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తాననడం, ఇవ్వడం కుదరదు. కాబట్టి అవతలివాడికి డబ్బిచ్చి, చీటీ రాసుకుని, ఆ తర్వాత క్లెయిమ్‌కి వెళ్ళకండి. రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోండి.

ఎవరికైనా గాయమైతే లెక్క మారిపోతుంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాళ్ళకి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకి చెప్పడం, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపడం డ్రైవరు బాధ్యత. 108కి ఫోన్ చేయండి, 112కి చేయండి, ఫొటోలు తర్వాత. బెంగళూరులో రోడ్డు ప్రమాదాల కేసులు చూసేది ట్రాఫిక్ పోలీస్ స్టేషన్లు. మామూలు స్టేషన్‌కి వెళ్తే అటే పంపిస్తారు. కారు దొంగలెత్తుకుపోతే మాత్రం మామూలు స్టేషన్‌కే. గాయాలు లేకుండా మీ కారుకి మాత్రమే దెబ్బ తగిలిన కేసుల్లో ఎఫ్ఐఆర్ కోసం తిరగాల్సిన పని సాధారణంగా ఉండదు.

తప్పు పూర్తిగా అవతలివాడిదైతే వాడి ఇన్సూరెన్స్ నుంచి రాదా అని అందరూ అడుగుతారు. చట్టప్రకారం రావాలి. థర్డ్ పార్టీ, అంటే అవతలివాళ్ళ, ఆస్తి నష్టానికి ప్రైవేటు కారు పాలసీలో 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది. కానీ దానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. ముప్పై వేల బంపర్ పని కోసం ఎవరు వెళ్తారు? అందుకే దాదాపు అందరూ సొంత పాలసీ మీదే క్లెయిమ్ చేస్తారు. తప్పు ఎవరిదైనా ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మాత్రం మనదే పోతుంది. ఇది అన్యాయమే, కానీ ఉన్న పద్ధతి ఇది.

ఆ ఎన్‌సీబీ లెక్క వేసుకోకుండా క్లెయిమ్ నంబరు తీసుకోకండి. క్లెయిమ్ లేని ఏళ్ళకి ఓడీ ప్రీమియంలో తగ్గింపు వరుసగా 20, 25, 35, 45, 50 శాతం. ఒక్క క్లెయిమ్‌తో మళ్ళీ సున్నా. మీరిప్పుడు 45లోనో 50లోనో ఉన్నారనుకోండి. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏళ్ళన్నీ 50 వస్తుంది. చేస్తే 0, 20, 25, 35, 45 అని మళ్ళీ మెట్లెక్కాలి. ఈ ఐదేళ్ళలో పోగొట్టుకునేది 50, 30, 25, 15, 5, మొత్తం 125 శాతం. అంటే తగ్గింపుకి ముందు మీ ఓడీ ప్రీమియం 9,000 అయితే 11,250 రూపాయలు. ఏటా కారు విలువ తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం దీనికంటే కొంచెం తక్కువే, కానీ అటూ ఇటూగా ఇదే. కంపెనీ మీకిచ్చేది దీనికి బాగా పైన ఉంటేనే క్లెయిమ్ చేయాలి. డోర్ మీద గీతకి ఏడు వేలు అడిగితే జేబులోంచి పెట్టుకోవడమే లాభం. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ (అదనంగా కట్టి తీసుకునే కవర్) ఉంటే లెక్క వేరు, అది ఎన్ని క్లెయిముల దాకా కాపాడుతుందో పాలసీలో చూసుకోండి. థర్డ్ పార్టీ ప్రీమియానికీ దీనికీ సంబంధం లేదు.

క్లెయిమ్ చేయాలనుకుంటే వెంటనే చెప్పాలి. కారు వర్క్‌షాప్‌లో దించాక, బంపర్ విప్పాక చెప్తే సర్వేయర్‌కి చూడటానికి ఏం మిగలదు. నిజమైన కారణంతో ఆలస్యమైతే, ఆలస్యం ఒక్కదాన్నే సాకుగా పెట్టి క్లెయిమ్ కొట్టేయొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లోనే సర్క్యులర్ ఇచ్చింది. అయినా ఆ వాదన దాకా పోనివ్వకండి. అదే సంస్థ 2024 జూన్ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని కేటాయించాలి, 15 రోజుల్లో సర్వే రిపోర్టు రావాలి, అది అందాక 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. నష్టం 50,000 దాటితే లైసెన్స్ ఉన్న సర్వేయర్ తప్పనిసరి. ఆ లోపైతే కంపెనీ మనిషి రావచ్చు, యాప్‌లో వీడియో తీయించి తేల్చేయొచ్చు.

కాగితాలు పెద్దగా లేవు. ఆర్సీ, నడిపినవాళ్ళ లైసెన్స్, పాలసీ, క్లెయిమ్ ఫారం, వర్క్‌షాప్ ఎస్టిమేట్, కేవైసీకి పాన్. క్యాష్‌లెస్ (కంపెనీయే వర్క్‌షాప్‌కి నేరుగా కట్టడం) కాకుండా మీరు కట్టి తర్వాత తీసుకునేటట్టయితే బిల్లు, డబ్బు కట్టిన రసీదు, క్యాన్సిల్డ్ చెక్కు కూడా.

మన దగ్గర ప్రత్యేకంగా తగిలే చిక్కు ఆర్సీలోనే. మారతహళ్ళిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటూ ఏపీ39 బండి నడిపేవాళ్ళు బోలెడు. ప్రమాదం ఏ రాష్ట్రంలో జరిగినా పాలసీ దేశమంతా చెల్లుతుంది, ప్లేటు చూసి కంపెనీ కాదనదు. పన్నెండు నెలలు దాటితే కర్ణాటక నంబరు తీసుకోవాలన్న గొడవ ఆర్టీఓతో, ఇన్సూరెన్స్‌తో కాదు. అసలు ప్రమాదం సెకండ్ హ్యాండ్ బండ్లతో. ఆర్సీ మీ పేరుకి మారి, పాలసీ ఇంకా పాతాయన పేరునే ఉంటే, థర్డ్ పార్టీ కవర్ మీకు వస్తుంది గానీ ఓన్ డ్యామేజ్ రాదు. కొన్న 14 రోజుల్లోపు పాలసీ పేరు మార్పించుకోవాలి. ‘రెన్యువల్‌కి ఎలాగూ నాలుగు నెలలే ఉంది కదా’ అని వదిలేసినవాళ్ళకి ఆ నాలుగు నెలల్లోనే గుద్దు తగిలితే చేతికి పైసా రాదు. పాత ఓనరు ఎన్‌సీబీ మీకు రాదు, అది మనిషికి చెందింది, కారుకి కాదు. తర్వాత పెట్టించిన సీఎన్‌జీ కిట్ ఆర్సీలో, పాలసీలో రెండింటిలోనూ ఎక్కిందో లేదో చూసుకోండి. తెల్ల బోర్డు కారుని ఎయిర్‌పోర్టు ట్రిప్పులకి అద్దెకి తిప్పితే అదీ తిరస్కరణకి కారణమే.

ఇక బిల్లు. జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా ఇచ్చే యాడ్-ఆన్) లేని పాలసీలో కంపెనీ ఎంతిస్తుందో ముందే లెక్క వేసుకోవచ్చు, ఎందుకంటే తరుగు శాతాలు నిర్ణయమై ఉన్నాయి. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ పార్టులు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులు 50 శాతం. ఫైబర్ 30. అద్దాలకి తరుగు లేదు. మిగతా, అంటే ముఖ్యంగా రేకు, కారు వయసుని బట్టి: ఆరు నెలల్లోపు సున్నా, ఏడాది లోపు 5, రెండేళ్ళలోపు 10, మూడేళ్ళలోపు 15, నాలుగేళ్ళలోపు 25, ఐదేళ్ళలోపు 35, పదేళ్ళలోపు 40, ఆపైన 50. పెయింటులో మెటీరియల్ ఖర్చు మీద 50. పెయింటు బిల్లు ఒకే ముద్దగా ఇస్తే అందులో 25 శాతాన్ని మెటీరియల్‌గా లెక్కేస్తారు. లేబర్‌కి కోత లేదు.

మూడున్నరేళ్ళ 1,197 సీసీ కారు, వెనకనుంచి దెబ్బ. బంపర్ 6,000, అందులో మీకు వచ్చేది 3,000. టెయిల్ ల్యాంప్ 4,000. పైకి అద్దంలా కనిపించినా అది ప్లాస్టిక్కే, 2,000. డిక్కీ డోర్ 14,000, రేకు కాబట్టి 25 పోను 10,500. వెనక అద్దం 5,000 మొత్తం వస్తుంది. విప్పి బిగించడం, డెంటింగ్ లేబర్ 5,000 మొత్తం. పెయింటు 8,000లో మెటీరియల్ 2,000, దానిలో సగం పోను 7,000. క్లిప్పులు, సీలెంట్ 600, ఇలాంటి చిల్లర సామానుకి ఇచ్చే కన్స్యూమబుల్స్ కవర్ లేకపోతే సున్నా. బిల్లు 42,600, కంపెనీ లెక్క 32,500. అందులోంచి తప్పనిసరి డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం) పోతుంది: 1,500 సీసీ లోపు కార్లకి 1,000, పైన అయితే 2,000. మిగిలేది 31,500, మీ జేబులోంచి 11,100. అదే జీరో డెప్ ఉంటే 1,600. పాత పార్టులకి సాల్వేజ్ (తుక్కు విలువ) కింద ఇంకొంత కోయొచ్చు. ప్రీమియం తగ్గుతుందని వాలంటరీ డిడక్టిబుల్ ఎంచుకుని మర్చిపోయినవాళ్ళకి డెలివరీ రోజు పెద్ద షాక్.

ఎస్టిమేట్ ఎప్పుడూ పైనుంచి కనిపించినదానికే వేస్తారు. ముందు బంపర్ విప్పితే దాని వెనక అబ్జార్బర్, రేడియేటర్ సపోర్ట్ మెంబర్, ఏసీ కండెన్సర్ వరసగా ఉంటాయి. బంపర్ ప్లాస్టిక్ వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకొచ్చేస్తుంది, కానీ సపోర్ట్ మెంబర్ వంగితే వంగినట్టే ఉంటుంది. అందుకని విప్పాక సప్లిమెంటరీ ఎస్టిమేట్ పంపి, సర్వేయర్ మళ్ళీ చూశాకే కొత్త పార్టులు ఆర్డర్ పెట్టాలి. ఈ రెండో అప్రూవల్ రాకుండా వర్క్‌షాప్ పని కానిచ్చేస్తే ఆ పార్టుల ఖర్చు మీ నెత్తినే పడుతుంది. కారు దించేటప్పుడే ‘లోపల ఏం తేలినా నాకు ఫొటో పంపి, అప్రూవల్ వచ్చాకే పని’ అని జాబ్ కార్డు (వర్క్‌షాప్ రాసే పని చీటీ) మీద రాయించండి.

రిపేరా, కొత్తదా అన్న పేచీ ఎప్పుడూ ఉంటుంది. వర్క్‌షాప్‌కి కొత్త పార్టు అమ్మాలని ఉంటుంది, సర్వేయర్‌కి రిపేరు చేయించాలని ఉంటుంది. చీలిక లేని ప్లాస్టిక్ బంపర్ వేడి చేసి సరిచేయొచ్చు, అక్కడ సర్వేయర్ మాటే నిజం. కానీ హెడ్‌ల్యాంప్ బిగించే చెవి విరిగితే అతుకు నిలవదు, గుంతల రోడ్ల మీద వదులై వెలుగు కిందికి పైకి ఊగుతుంది. దానికి మాత్రం పట్టుబట్టండి, విరిగిన చెవి ఫొటో పెట్టి మెయిల్‌లో అడగండి. సర్వే రిపోర్టు కాపీ అడిగితే మీకు ఇవ్వాలి. ‘ఈ క్లెయిమ్‌లోనే పాత గీతలన్నీ కలిపేద్దాం సార్’ అని అడ్వైజర్ అంటే వద్దనండి. ఎడమ డోర్ దెబ్బకీ కుడి ఫెండర్ దెబ్బకీ ఒకే ప్రమాదం ఎలా కారణమైందో చెప్పాల్సింది అతను కాదు, మీరు.

రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువ) 75 శాతం దాటితే టోటల్ లాస్, అంటే రిపేరు కాకుండా ఆ విలువ లెక్కన డబ్బిస్తారు. ఐడీవీ 4.5 లక్షలైతే హద్దు 3,37,500. లోన్ ఉంటే ముందు బ్యాంకు బాకీ తీరాకే మిగిలింది మీకు. పాడైన కారు కొనుక్కున్న డీలరు పేరుకి ఆర్సీ మారేదాకా వెంటపడండి, లేకపోతే రేపు అది ఎక్కడ ఎవరిని గుద్దినా నోటీసు మీ ఇంటికే.

వానల సంగతి విడిగా చెప్పాలి. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల కార్లు బేస్‌మెంట్లలోనే మునిగాయి. వరద నష్టం మామూలు కాంప్రహెన్సివ్ (ఓడీ, థర్డ్ పార్టీ రెండూ ఉన్న) పాలసీలోనే ఉంది. సీట్లు, వైరింగ్, లోపలి శుభ్రం, అన్నీ అందులోకే వస్తాయి. మునిగిన కారుని స్టార్ట్ చేస్తేనే చిక్కు. సిలిండర్‌లోకి చేరిన నీళ్ళని పిస్టన్ నొక్కలేదు, గాలిలా నీళ్ళు కుదించుకోవు, దాంతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ విప్పినప్పుడు వంగిన రాడ్ కనపడిందంటే ఇంజిన్ నీళ్ళతో తిరిగిందనే అర్థం. అది వరద వల్ల కాదు, స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టం అని కంపెనీ అంటుంది, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేకపోతే ఆ ఖర్చు మీదే. నీళ్ళలో ఆగిపోయిన కారుకి తాళం తిప్పొద్దు, బటన్ నొక్కొద్దు. నీళ్ళు తగ్గాక బ్యాటరీ తీగ విప్పించి, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి పంపండి. మామూలు పాలసీలో టోయింగ్‌కి ఇచ్చేది 1,500 దాకానే, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే ముందు అది వాడుకోండి. ఇదే సూత్రం గుద్దిన కారుకీ వర్తిస్తుంది. రేడియేటర్ కారుతుంటే ‘వర్క్‌షాప్ దగ్గరే కదా’ అని నడిపి ఇంజిన్ వేడెక్కించుకుంటే, ఆ పెరిగిన నష్టం పాలసీ షరతు ప్రకారం మీదే.

క్లెయిమ్ కాదన్నారా? ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు, ఏ షరతు కింద కాదన్నారో రాతలో అడగండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్. ఐఆర్‌డీఏ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255కి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. నెల దాటినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి. కర్ణాటకకి ఆ ఆఫీసు జేపీ నగర్ ఫస్ట్ ఫేజ్‌లో జీవన్ సౌధ భవనంలో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్ళాలి. ఫొటోలు, మెయిళ్ళు, జాబ్ కార్డు తేదీల వారీగా ఒక ఫైలు పెట్టుకుని వెళ్తే సగం పని అయినట్టే.

డెలివరీ రోజు, పని బాగా జరిగిందని ఒప్పుకునే సాటిస్‌ఫాక్షన్ వోచర్ ముందు పెట్టి సంతకం అడుగుతారు. దానికి ముందు బిల్లులో మార్చామన్న ప్రతి పార్టూ నిజంగా మారిందో చూడండి, పాత పార్టులు చూపించమనండి. బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉండాలి. పెయింటు నీడలో కాదు, ఎండలో చూడండి. సెన్సర్లు, వెనక కెమెరా పనిచేస్తున్నాయో లేదో రివర్స్ వేసి చూడండి. డిక్కీ డోర్ మార్చి ఉంటే దానిమీద రెండు బకెట్ల నీళ్ళు పోయించి, లోపల స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే సంతకం చేయకుండా కారు అక్కడే వదిలి రండి.